ఋతుచర్య తేనెటీగకూ ఉంది

కొన్నేళ్ళ క్రిందట, కార్తీక పౌర్ణమి దాటిన నాలుగైదు రోజులకు, తిరుపతిలోని మా వైద్యశాలకు ఒక గృహిణి తేనెసీసా వెంట తీసుకొని వచ్చారు. మూత తిప్పగానే అది సోడాబుడ్డి వలె బుస్సుమంది. పైన వేలెడు మందం నురుగు, పుల్లని వాసన. "అడవితేనె అని చెప్పి చక్కెరపాకం అంటగట్టినాడు సార్. పిల్లవాడి దగ్గుకని తీసుకుంటిమి" అని ఆమె వాపోయారు. నేను ఒక చుక్క నాలుకపై వేసుకొని చూచాను. పులుపు వెనుక పూలగంధం స్పష్టంగానే ఉంది. "ఎప్పుడు కొన్నారమ్మా?" అని అడిగాను. "దీపావళికి ముందర, వానలు పడతా ఉండినప్పుడు. పట్టు మా ఎదురుగానే పిండినాడు" అన్నారు.

నాకు కావలసిన జవాబు ఆ మాటలోనే దొరికింది. పట్టు నిజమైనదే, తేనె నిజమైనదే. అయితే ఆ తేనె ఇంకా పండలేదు.

సుశ్రుతాచార్యుడు మధువును పక్వమనీ, ఆమమనీ విభజించి చెప్పాడు. పక్వమైనది త్రిదోషాలను హరిస్తుంది. పక్వం కానిది పుల్లగా ఉండి మూడు దోషాలనూ ప్రకోపింపజేస్తుంది. విద్యార్థి దశలో ఈ మాటను నేను కంఠస్థం చేశానే గాని, పండని తేనె అనేది ఒకటి ఉంటుందని ఊహించలేదు. పెరటిలో రెండు తేనెటీగల పెట్టెలు పెట్టుకొని, వానకాలంలో వాటి మూత ఎత్తి చూచిన తరువాతనే దాని అర్థం బోధపడింది. మన ఇంటి అలమరలోని సీసాలో ఉన్నది ఔషధమా, పులిసిన తీపినీరా అన్నది చాలావరకు ఆకాశమే నిర్ణయిస్తుంది. కనుక తేనెను వాడేవారు తేనెటీగకూ, ఋతువుకూ గల సంబంధాన్ని కొంతైనా తెలుసుకోవడం అవసరం.

తేనె పండడం అనగా ఏమి?

పువ్వులో ఉండేది తేనె కాదు, మకరందం. అందులో సాధారణంగా సగానికి మించి నీరే. ఈగ దానిని కడుపులోని ప్రత్యేకమైన సంచిలో నింపుకొని పట్టుకు చేరుస్తుంది. అక్కడ ఇంట పనిచేసే పడుచు ఈగలు ఆ చుక్కను ఒకదాని నోటి నుండి మరొకటి అందుకొంటూ, పలుచని పొరగా సాగదీసి గాలికి ఆరబెడతాయి. వాటి నోటిలోని జీవరసాలు చెరకు చక్కెర వంటి చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడతాయి. తరువాత దానిని అరలలో పోసి, రాత్రింబవళ్ళు రెక్కలతో విసురుతాయి. నీటి పాలు నూటికి 20కి లోపు దిగిన తరువాతనే ఆ అరపై మైనపు మూత వేస్తాయి. ఆ మూతయే పక్వానికి గుర్తు. మన దేశపు ఆహార ప్రమాణాలు కూడా తేనెలో తేమ నూటికి 20 మించరాదనే నియమించాయి. ఈగ పెట్టుకొన్న హద్దు, చట్టం పెట్టిన హద్దు ఒకటే కావడం నాకు ఇప్పటికీ ముచ్చటగా తోస్తుంది.

ఇక వానకాలపు గాలిని తలచుకోండి. ఉతికిన పంచె రెండు రోజులైనా ఆరని గాలి అది. ఆ గాలిలో ఈగలు ఎంత విసిరినా మకరందం ఆరదు. పైగా తేనెకు గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం ఉంది. మూత పడని అరలను కోసి పిండితే ఆ తేనెలో నీరు ఎక్కువగా మిగిలి ఉంటుంది. తేనెలో సహజంగానే ఉండే ఈస్ట్ అనే సూక్ష్మజీవులకు అది చాలు. నెల తిరగకుండా పులుపు, నురుగు, కల్లు వాసన మొదలవుతాయి. ఆ గృహిణి సీసాలో జరిగినది ఇదే అని నా అభిప్రాయం.

వాతావరణానికి లోబడిన సంచారం

మకరందం కోసం ఈగ బయలుదేరాలంటే మొదట దాని రెక్కల కండరాలు వేడెక్కాలి. మన దేశపు తొర్ర తేనెటీగ చలికి కొంత ఓర్చుకొంటుంది గాని, ధనుర్మాసపు తెల్లవారుజామున మదనపల్లె వైపు మంచు కురిసే వేళ అదీ గూటిలోనే ఉండిపోతుంది. ఎండ పొడ తగిలిన తరువాతనే కదులుతుంది. గాలి వేగం గంటకు 25, 30 కిలోమీటర్లు దాటితే సంచారం బాగా తగ్గిపోతుంది. ఆషాఢమాసపు పడమటి గాలి పలమనేరు, మదనపల్లె మెట్టలలో ఎట్లా వీస్తుందో అక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ నెలలో పూలు ఉన్నా ఈగకు ప్రయాసే ఎక్కువ, ఫలం తక్కువ.

మబ్బు సంగతి వేరు. పూలున్న చోటు దూరాన్నీ, దిక్కునూ ఈగ తన తోడి ఈగలకు నృత్యం చేసి తెలుపుతుంది. ఆ దిక్కును సూర్యుని స్థానాన్ని బట్టి సూచిస్తుంది. ఈ రహస్యాన్ని విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్తకు 1973లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఆకాశంలో కొంత నీలం కనిపించినా ఈగ సూర్యుని జాడ పోల్చుకోగలదు; నల్లని మబ్బు నాలుగు దిక్కులూ క్రమ్మితే దానికి దారి చూపే దీపం ఆరినట్లే. అందుకే మబ్బు ముంచుకొని వచ్చే వేళ పెట్టె ముందు నిలబడి చూస్తే, బయటికి పోయే ఈగ ఒక్కటీ ఉండదు. లోనికి వచ్చేవి మాత్రం ఒకదానిపై ఒకటి పడుతూ ఉంటాయి. మిద్దెపై ఎండబెట్టిన వడియాలు ఎత్తవలసిన సమయాన్ని మా ఇంట ఆ పెట్టెలను చూచియే నిర్ణయిస్తారు.

వాన పువ్వును కూడా చెరుపుతుంది. పైకి విచ్చిన పూలలోని మకరందం పలుచనై కొట్టుకుపోతుంది. పుప్పొడి తడిసి పనికిరాకుండా పోతుంది. తలక్రిందులుగా వ్రేలాడే పూలకు ఈ నష్టం తక్కువ. అయితే వానను పూర్తిగా దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. వేసవిలో ఒక మంచి జల్లు పడి, రెండు మూడు రోజులు ఎండ కాస్తే, చెట్టు వేరుకు తడి అంది మకరందం చక్కగా ఊరుతుంది. కరువు ఏట పూత చెట్టు నిండా ఉన్నా పూలలో మకరందం ఉండదు. సీమవాసులమైన మనకు అతివృష్టి కంటే ఈ రెండవ కష్టమే ఎక్కువ పరిచయం.

పచ్చగా కనిపించేదంతా మేత కాదు

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో బస్సులో పోతూ చూస్తే ఏదో ఒక పైరు పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది. తేనెటీగకు ఇన్ని పంటలున్న చోట కరువేమిటి అని సందేహం కలుగుతుంది. కొంచెం నిదానించి చూడండి. వేరుసెనగ పువ్వు తనలో తానే పరాగసంపర్కం జరుపుకొంటుంది; ఈగ రాకకై అది ఎదురుచూడదు. టమాటా పువ్వులో మకరందమే లేదు. దాని పుప్పొడిని రాల్చాలంటే పువ్వును పట్టుకొని రెక్కల కండరాలతో ఝుమ్మని కదిలించాలి. ఆ విద్య తుమ్మెదలకూ, మరికొన్ని అడవి ఈగలకూ తెలుసును గాని తేనెటీగకు తెలియదు. మల్బరీకి గాలియే పరాగవాహకం, అదీ ఆకు కోసమే పెంచబడుతుంది. చెరకు పూత రాకముందే నరకబడుతుంది. అనగా మన ప్రాంతపు పేరుపొందిన పైర్లలో పెక్కింటి వల్ల తేనెటీగకు ఒరిగేది అత్యల్పం. నువ్వుచేను, ప్రొద్దుతిరుగుడు ఉన్నచోట కొంత మేలు.

మన తేనెటీగకు అన్నం పెట్టేవి చెట్లు. ఈ వరుసను మాసాల వారీగా ఒకసారి చూద్దాం. చలికాలం మొదట్లో కుంకుడు పూస్తుంది. పుష్య, మాఘ మాసాలలో మామిడి. ఉగాది నాటికి వేప. మనం పచ్చడిలో వేసుకొనే ఆ పూతనే ఈగలూ ఆశ్రయిస్తాయి. ఆ వెంటనే కానుగ, నేరేడు. శేషాచలం కొండలలో ఎండాకాలాన పసుపుపచ్చగా విరబూసే ఎర్రచందనం. వైశాఖ, జ్యేష్ఠాలలో చింత. పుంగనూరు, పలమనేరు దారులలో బాటకు ఇరువైపులా ఉన్న ముదుసలి చింతచెట్ల క్రింద జ్యేష్ఠమాసపు ఉదయాన నిలబడితే, చెట్టంతా ఒకే తంబుర మ్రోగినట్లు ఉంటుంది. రోడ్డు వెడల్పు చేయడానికి అటువంటి చెట్టు ఒకటి కొట్టివేయబడినప్పుడు చింతపండు పోయిందని మనం లెక్క వేస్తాం. ఆ ఊరి వేసవి తేనె పోయిందన్న సంగతి ఎవరి లెక్కలోనికీ రాదు.

ఎర్రచందనాన్ని గురించి ఒక మాట. ప్రపంచంలో సహజంగా ఈ శేషాచల, వెలిగొండ, నల్లమల పరిసరాలకే దాదాపు పరిమితమైన ఈ వృక్షానికి పరాగసంపర్కం చేసే వాటిలో మన తేనెటీగలు ముఖ్యమైనవి. 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటింపబడింది. చెట్టును దొంగల నుండి కాపాడడానికి కాపలా ఉంది. ఎండాకాలంలో గడ్డికి నిప్పు అంటుకొని కొండ కాలినప్పుడు ఆ చెట్టుకు గింజ కట్టించే ఈగలూ వాటి పట్లతో సహా నశిస్తాయి. ఆ నష్టం గురించి మాత్రం మనం తక్కువగా వింటాం.

నాలుగు జాతులు, నాలుగు ఉపాయాలు

చరకుడు మధువును మాక్షికం, భ్రామరం, క్షౌద్రం, పౌత్తికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. సుశ్రుతుడు ఎనిమిది విధాలు చెప్పాడు. నేటి జాతులలో ఏది ఏ పేరుకు సరిపోతుందో ఖండితంగా చెప్పబూనడం సాహసం. అయితే మన ప్రాంతంలో సామాన్యంగా కనిపించే తేనెటీగలు కూడా నాలుగు విధాలే. కొండచరియలకూ, ఎత్తైన చెట్లకూ, ఊళ్ళలో నీళ్ళట్యాంకులకూ చేటంత పట్టు పెట్టే పెద్ద ఈగ. తొర్రలలో, పుట్టలలో వరుస పట్లు పెట్టే ఈగ. పొదలో సన్నకొమ్మకు అరచేయంత పట్టు పెట్టే చిన్న ఈగ. గోడ సందులలో బంకతో గూడు కట్టే, కుట్టని అతి చిన్న ఈగ.

ఋతువు అనుకూలించనప్పుడు ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క మార్గం పడతాయి. పెద్ద ఈగ వలసపోతుంది. మేత తగ్గగానే పట్టును వదలి గుంపుగా లేచి, పూత ఉన్న మరొక ప్రాంతానికి తరలిపోతుంది; కాలం తిరిగిన తరువాత మళ్ళీ వస్తుంది. ఖాళీ పట్టును చూచి ఎవరో పొగబెట్టి తరిమారని అనుకోనక్కరలేదు. కొమ్మపట్టు ఈగ ఎండాకాలం నీడకు, చలికాలం ఎండకు గూడు మార్చుకొంటుంది. తొర్ర ఈగ గూటిలో నిలవ చేసుకొన్న తేనెతో కష్టకాలం గడపడానికి ప్రయత్నిస్తుంది. నిలవ లేకపోతే అదీ గూడు విడిచిపోతుంది.

పెట్టెలలో పెంచబడేది ఈ తొర్ర ఈగయే. 1911–17 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ అనే క్రైస్తవ గురువు దీనికి తగిన చిన్న పెట్టెను రూపొందించి పల్లెవారికి నేర్పాడు. ఆయన పేరుతోనే ఆ పెట్టె దక్షిణదేశమంతా వ్యాపించింది. 1990వ దశకం ఆరంభంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు వ్యాపించి, దక్షిణాదిన ఈ జాతి పెట్టెలను చాలావరకు తుడిచివేసింది. తరువాత పెంపకందారులలో అనేకులు ఎక్కువ తేనె ఇచ్చే ఇటలీ ఈగ వైపు మళ్ళారు. ఆ ఈగకు మేత కూడా ఎక్కువ కావాలి; పూత వెంట పెట్టెలను ఊరూరా లారీలలో త్రిప్పగలవారికే అది లాభం. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తున ఉండగా, మదనపల్లె 700 మీటర్లకు దగ్గర, హార్సిలీ కొండ 1,265 మీటర్లు. క్రింద వాడిన పూత పైన కొన్నాళ్ళు ఆలస్యంగా విచ్చుకొంటుంది. లారీ లేని మాబోటి పెరటి రైతుకు తొర్ర ఈగయే తగినది. మంచి ఏడాదిలో పెట్టెకు ఐదారు కిలోల తేనె దక్కితే సంతోషమే.

రెండు పెట్టెల కథ

తమిళనాడు ప్రక్కన ఉన్న మన తూర్పు మండలాలకు నైరుతి కంటే ఈశాన్య ఋతుపవనాల వానయే భారీ. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో లేచే వాయుగుండాలు శ్రీకాళహస్తి, తిరుపతి వైపు ఏకధాటిగా కురుస్తాయి. 2021 నవంబరు మూడవ వారంలో కురిసిన వానకు తిరుపతి వీధులు ఏరులైన సంగతి, తిరుమల కనుమదారులు మూసివేయబడిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అంతకు నెల ముందు నేను ఆశపడి ఒక పెట్టెలో తేనె మొత్తం తీసుకొన్నాను. రెండవ పెట్టెలో తీరిక లేక తీయలేదు. ఇది నా తెలివి వల్ల జరిగిన పరీక్ష కాదు. నా అశ్రద్ధ, అత్యాశ కలిసి చేసిన పరీక్ష.

వాన తెరిపి ఇవ్వని రోజులలో ఏ ఈగా బయటికి పోలేదు. గూటి నడుమ పిల్లలున్న చోట 33 నుండి 36 డిగ్రీల సెల్సియస్ వేడిని ఈగలు నిలబెట్టుకోవాలి. బయట చలిగాలి వీచేకొద్దీ గుమిగూడి, కండరాలను వణికించి ఆ వేడి పుట్టిస్తాయి. దానికి ఇంధనం తేనె తప్ప మరొకటి లేదు. వాన వెలిసిన తరువాత మూతలు ఎత్తి చూచాను. తేనె తీయని పెట్టెలో నిలవలు సగానికి పైగా ఖర్చయినా ఈగలు నిండుగా ఉన్నాయి. తీసిన పెట్టెలో గుప్పెడు ఈగలు మాత్రం రాణి చుట్టూ నిశ్చలంగా ఉన్నాయి. అరలలో తలలు దూర్చి మరణించినవి వందలు. ఆకలితో చచ్చే ఈగ అర అడుగున మిగిలిన చివరి చుక్క కోసం అట్లా తల దూర్చుతుందని తరువాత తెలిసింది. ఖాళీ పట్లలో అప్పటికే మైనపు పురుగు సాలెగూడు అల్లుతోంది. కుంకుడు పూత నేలపాలు కావడంతో ఆ గుప్పెడైనా నిలువలేదు.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు నేను తేనె తీయలేదు. పైగా వానకు ముందే చక్కెర, నీరు సమపాళ్ళలో కలిపిన పాకాన్ని సాయంకాలం వేళ చిన్న గిన్నెలో లోపల పెట్టాను. పెట్టె వాకిలిని సన్నం చేశాను. మూతపై రేకు కప్పి బరువు పెట్టాను. స్టాండు కాళ్ళను చీమలు ఎక్కకుండా నీటి చిప్పలలో నిలిపాను. ఈసారి పెట్టె దక్కింది. పాకం పెట్టిన కాలంలో అరలలో చేరినదానిని తేనె అని పిండి అమ్మడం మాత్రం మోసమే. అది ఈగల పథ్యం, మన ఔషధం కాదు.

ఎండాకాలానికి వేరే కష్టం. మన ఊళ్ళో ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఈగలు మకరందం మాని నీరు మోయడానికి దిగుతాయి. ఆ నీటిని పట్టుపై పలుచగా పూసి రెక్కలతో విసిరి గూటిని చల్లబరుస్తాయి. గుమ్మానికి తడి వట్టివేళ్ళ తడికె కట్టుకొనే మన పద్ధతి వంటిదే ఇది. నీరు అందకపోతే మైనం మెత్తబడి పట్టు జారిపోతుంది. వెడల్పు పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగకుండా నీరు పోసి నీడన పెడితే పెట్టె లేని ఇంటివారు కూడా ఈ జీవులకు ఉపకారం చేసినవారవుతారు. రాళ్ళు లేకుండా నీరు పెడితే మునిగి చస్తాయి.

మందులూ, మామిడి పూతా

వాతావరణంతో ముడిపడిన మరొక అపాయాన్ని చెప్పక తప్పదు. మామిడి పూత వేళ మబ్బు పట్టి, తేమ హెచ్చితే తేనెమంచు పురుగు విజృంభిస్తుంది. పేరులో తేనె ఉంది గాని దానికీ తేనెటీగకూ చుట్టరికం లేదు. పూగుత్తుల రసం పీల్చి, జిగట తీపిని విసర్జించే పురుగు అది. తోతాపురి తోటలున్న రైతుకు ఏడాది బ్రతుకు ఆ పూతపైనే ఆధారపడి ఉంటుంది గనుక మబ్బు చూడగానే మందు కొట్టడం సహజం. కాని విచ్చిన పూతపై ఉదయాన కొట్టిన మందు ఈగలను చంపుతుంది. మామిడికి పరాగసంపర్కం చేసేవి ఈగలు, తేనెటీగల వంటి కీటకాలే. వాటిని చంపుకొని కాయ ఆశించడం ఎట్లా? పూత విచ్చక ముందే మందు ముగించడం, తప్పనిసరి అయితే ప్రొద్దు వాలి ఈగలు గూడు చేరిన తరువాత కొట్టడం, ప్రక్కన పెట్టెలున్నవారికి ముందురోజే కబురు చేయడం రైతులు చేయదగిన పనులు. తేనెటీగలకు హాని చేస్తున్నవని నిర్ణయించి, ఐరోపా దేశాల కూటమి 2018లో నియోనికోటినాయిడ్లు అనే తరగతికి చెందిన మూడు మందులను ఆరుబయట వాడరాదని నిషేధించింది. ఆ తరగతి మందులు మన తోటలలో నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఇంటివారు గమనించవలసినవి

శాస్త్రంలో ఒక చిత్రం ఉంది. వసంతంలో కఫం కరిగే వేళ తేనె కలిపిన నీటిని వాగ్భటుడు విధించాడు. వర్షర్తువులో అన్నపానాలలో కొద్దిగా తేనె చేర్చుకొమ్మని చరకుడు చెప్పాడు. వసంతంలో సరే, పూలున్నాయి. వర్షర్తువులో పట్టు ఉత్తదై, ఉన్నదీ పండక ఉంటుంది గదా! కనుక వానకాలంలో వాడవలసినది వానకాలంలో పిండిన తేనె కాదు. వేప, కానుగ, చింత పూతల మీద చైత్రం నుండి జ్యేష్ఠం వరకు పండిన తేనెను సంపాదించి, దాచి వాడుకోవాలి. కొత్త తేనె పుష్టినిస్తుంది, పాత తేనె మేదస్సును హరిస్తుంది అని సుశ్రుతుడు చెప్పినది కూడా దీనికి అనుకూలమే.

కొనేటప్పుడు అరలపై మైనపు మూతలున్నాయా అని చూడండి. మూతలు లేని, పిల్లలతో నిండిన పట్టును పిండితే తేనెతో పాటు పురుగుల రసం దిగుతుంది. అది త్వరగా చెడుతుంది, ఈగల వంశమూ నశిస్తుంది. పట్టులో తేనె ఉండేది పైభాగాన, కొమ్మను అంటుకొని. తలకోన పరిసరాలలో నేర్పరులైన యానాదులు ఆ భాగాన్ని మాత్రమే కోసి, పిల్లలున్న భాగాన్ని వదలడం నేను చూచాను. అటువంటివారికి నాలుగు రూకలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. నీటి గ్లాసులో చుక్క వేయడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం, చీమలు పట్టునా అని చూడడం వంటి పరీక్షలను నమ్మవద్దు. చిక్కని పాకం కూడా ఆ పరీక్షలలో నెగ్గుతుంది.

చలికాలంలో తేనె అడుగున పేరుకొంటే చక్కెర కలిపారని పారవేయవద్దు. గ్లూకోజు పాలు ఎక్కువ ఉన్న తేనె చల్లదనానికి గడ్డకట్టడం దాని స్వభావం. దానిని పొయ్యిపై పెట్టకుండా సీసాను ఉదయపు ఎండలోనో, గోరువెచ్చని నీటిలోనో ఉంచితే కరుగుతుంది. వేడిచేసిన తేనెను ఆయుర్వేదం విషతుల్యమన్నది. ఆధునిక పరీక్షలు దానిని విషమని తేల్చలేదు గాని, వేడికి తేనెలోని జీవరసాలు నశించడం, హెచ్.ఎమ్.ఎఫ్. అనే పదార్థం పెరగడం గుర్తించాయి. కిలోకు 80 మిల్లీగ్రాములకు మించి అది ఉండరాదని మన ప్రమాణాలు చెబుతున్నాయి. గాజుసీసాలోనో, పింగాణీ జాడీలోనో ఉంచి, తడి చెంచా తగలనీయక, వానకాలంలో మూత గట్టిగా బిగించండి. పులిసినదానిని మందుకు వాడవద్దు. తేనె మధుమేహులకు చక్కెర వలెనే రక్తంలో చక్కెరను పెంచుతుంది, అడవిదైనా అంతే.

ఆ గృహిణి మరుసటి జ్యేష్ఠంలో మళ్ళీ వచ్చారు. ఈసారి మూతలున్న చింతపూత తేనె తెచ్చి చూపారు; చిక్కగా, తీగలాగా సాగుతోంది. పిల్లవాడికి ఆరేళ్ళు గనుక అల్లపురసంలో అర చెంచా కలిపి రాత్రి పడుకోబోయే ముందు ఇమ్మన్నాను. లేవబోతూ, "మా ఆడబిడ్డ కూతురికి ఎనిమిదో నెల సార్. దానికీ ఒక వేలు నాకించేదా? మా అత్తగారు పుట్టినప్పుడే నాకించాలంటా ఉండారు" అని అడిగారు. జాతకర్మలో తేనె, నెయ్యి నాకించే విధి మన గ్రంథాలలో ఉన్నమాట వాస్తవమే. అయినా నేను వద్దన్నాను. ఎంత శుద్ధమైన తేనెలోనైనా బాట్యులిజం అనే జబ్బును కలిగించే బీజాలు ఉండవచ్చు. పెద్దల ప్రేగులలో అవి మొలకెత్తవు. ఏడాది నిండని శిశువు ప్రేగులలో మొలకెత్తి, కండరాలను చచ్చుబడజేసి ప్రాణం మీదికి తెస్తాయి. మరగబెట్టినా ఆ బీజాలు చావవు. "మొదటి పుట్టినరోజు దాటనివ్వండమ్మా. అంతవరకు తల్లిపాలే దానికి తేనె. అత్తగారు కోప్పడితే నా పేరు చెప్పండి" అన్నాను. ఆమె నవ్వి, సీసా మూత రెండుమార్లు బిగించి చూచుకొని వెళ్ళారు. బయట అప్పుడే తొలకరి మబ్బు దిగుతోంది. పెరటిలో ఈగలన్నీ పెట్టె వైపు మళ్ళుతున్నాయి.